ఏళ్ళ తరబడి కంతులు కట్టేటప్పుడు మధ్యలో డీలా పడకుండా ఉండేదెట్లా

అప్పు తీసుకున్న కొత్తలో అందరికీ ఊపు ఉంటుంది, బయట టీ తాగేది కూడా మానేసి ముందే తీర్చేద్దాం అనుకుంటాం. కష్టం రెండో ఏడు, మూడో ఏడు వస్తుంది. జీతం పడతానే ఈఎంఐ కట్ అయిపోతుంది, ఎంత కట్టినా అప్పు అట్లనే ఉన్నట్టు అనిపిస్తుంది, ఇంట్లో ఎవరో ఒకరు "ఇంగ ఎన్నేళ్ళు ఇట్లా" అంటారు, ఆ టైంలోనే మనిషి విసిగిపోయి ఒక కంతు వదిలేస్తాడు, లేదంటే ఇంకో చోట అప్పు చేస్తాడు. తిరుపతిలో మా చుట్టుపక్కల నేను ఎక్కువగా చూసింది ఇదే. నా నమ్మకం ఏందంటే దీనికి పట్టుదల ఒకటే చాలదు, అసలు తగ్గుతా ఉండేది మన కంటికి కనపడాల. అది కనపడేట్టు చేసుకుంటే ఓపిక కూడా వస్తుంది.

ముందు ఒక నోటుబుక్కులో అప్పులన్నీ రాయండి. అన్నీ అంటే అన్నీ, బ్యాంకు పర్సనల్ లోను, బండి ఫైనాన్సు, డ్వాక్రా లోను, గాజులు కుదవ పెట్టి తెచ్చింది, ప్రోనోటు రాసిచ్చింది, పాడుకున్న చీటీకి ఇంకా కట్టాల్సింది, బామ్మర్ది దగ్గర తీసుకున్న చేబదులు, క్రెడిట్ కార్డు. ఒక్కోదానికి మూడు సంగతులు చాలు, ఈరోజుకి అసలు ఎంత మిగిలుంది, ఏడాదికి వడ్డీ ఎంత శాతం, నెలకి ఎంత కట్టాలి. మనోళ్ళు "రెండ్రూపాయల వడ్డీనే కదా" అనేస్తారు, నూటికి నెలకి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలంటే 36. క్రెడిట్ కార్డులో మినిమం మాత్రం కట్టి మిగతాది వదిలేస్తే చాలా కార్డులకి నెలకి మూడున్నర శాతం దాకా పడుతుంది, అంటే ఏడాదికి 42. అన్నిటినీ ఒకే లెక్కలో పెడితే గానీ ఏది మనల్ని ఎక్కువ తినేస్తా ఉందో తెలీదు. ఈ పని మొగుడూ పెళ్ళాం కలిసి కూర్చుని చేయండి, ఒకరికి తెలీకుండా ఇంకొకరు దాచిపెట్టిన అప్పు ఏదన్నా ఉంటే అది ఆరోజే బయటికి రావాల, ఆ కోపాలూ ఏడుపులూ ఆ ఒక్కరోజుతో అయిపోతాయి, లేదంటే రెండేళ్ళ తర్వాత బయటపడి అప్పటిదాకా చేసిందంతా నీరుగారిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. కట్టినా తగ్గట్లేదు అని మనకి అనిపించేది ఉత్త భ్రమ కాదు, లెక్కే అట్ల ఉంటుంది. 14 శాతం వడ్డీకి 5 లక్షల పర్సనల్ లోను అయిదేళ్ళకి తీసుకున్నారనుకోండి, ఈఎంఐ దగ్గరదగ్గర 11,634 రూపాయలు. మొదటి నెల అందులో 5,833 వడ్డీకే పోతుంది, అసలుకి జమ అయ్యేది 5,801. మొదటి ఏడాది మొత్తం మీద 1,39,600 కట్టి ఉంటారు, అసలు తగ్గేది మాత్రం 74 వేలు. ఇది చూసే మనసు విరిగిపోతుంది. కానీ అదే ఈఎంఐతో రెండో ఏడు 85 వేలు తగ్గుతుంది, మూడో ఏడు 98 వేలు, నాలుగో ఏడు లక్షా 12 వేలు దాటుతుంది, అయిదో ఏడు లక్షా 29 వేలు. మీరు కొత్తగా ఏం చేయలేదు, అదే డబ్బు కడతా ఉన్నారు, అయినా వేగం పెరుగుతా పోతుంది. అలిపిరి నుంచి నడిచి తిరుమల కొండెక్కినోళ్ళకి ఇది బాగా తెలుసు, దారిలో ఉండే గాలిగోపురం వచ్చేదాకా ఊపిరి ఆడదు, అది దాటినాక చాలా దూరం నడక తేలికైపోతుంది, వెనక్కి తిరిగిపోయేవాళ్ళు గాలిగోపురం రాకముందే తిరిగిపోతారు.

అందుకే బ్యాంకు నుంచి రీపేమెంట్ షెడ్యూల్ తీసుకోండి, ప్రతి నెలా ఎంత వడ్డీకి పోతుంది ఎంత అసలుకి పోతుంది అని అందులో వరసగా ఉంటుంది. 2024 అక్టోబర్ 1 నుంచి ఇచ్చే కొత్త రిటైల్ లోన్లకి కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం ఇవ్వాలని ఆర్‌బీఐ రూలు పెట్టింది, అన్ని ఖర్చులూ కలిపి నిజమైన వడ్డీ ఎంతో, షెడ్యూల్ ఏందో అందులోనే ఉంటుంది, మనకి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి కాబట్టి తెలుగులో అడగొచ్చు, మొహమాటం వద్దు. పాత లోనైతే బ్రాంచిలో అడిగి ప్రింట్ తీసుకోండి, యాపులో కూడా దొరుకుతుంది.

ఆ షెడ్యూల్‌ని ఒక చార్టుగా మార్చుకోండి. పెద్ద తెల్లకాగితం మీద వంద గళ్ళు గీసి ఒక్కో గడికి 5 వేల అసలు అనుకోండి, 5 లక్షలు అయిపోయింది. ప్రతి నెలా కంతు కట్టినాక తగ్గిన అసలు చూసి గళ్ళు నింపండి, పిల్లల చేత రంగు వేయించండి. మొదటి ఏడు పదిహేను గళ్ళు కూడా పూర్తిగా నిండవు, ఆఖరి ఏడు ఇరవై అయిదు దాటి నిండుతాయి, ఆ తేడా గోడ మీద కనపడేదానికీ ఫోన్లో అంకెగా చూసేదానికీ చాలా వ్యత్యాసం ఉంది. వచ్చే పోయే చుట్టాలు చూస్తారని ఇబ్బందిగా ఉంటే బీరువా తలుపు లోపలి వైపు అంటించుకోండి, రోజూ తెరిచేదే కదా. ఎన్ని కంతులు మిగిలాయి అని మాత్రం లెక్క పెట్టొద్దు, 47, 46, 45 అని దిగుతా ఉంటే ఎప్పటికీ అయిపోనట్టే ఉంటుంది.

బంగారం అప్పు గురించి రొంత ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన చిత్తూరు, తిరుపతి వైపు దాదాపు ప్రతి ఇంట్లో ఉండేది ఇదే, జనం ఎక్కువ నీరసపడేదీ దీంట్లోనే. ఏడాది అయినాక వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకుంటారు, మళ్ళీ ఏడాదికి మళ్ళీ అదే, నాలుగేళ్ళు గడిచినా అసలు రూపాయి తగ్గదు, నగ ఇంటికి రాదు. దీనికి నాకు తెలిసిన మంచి పద్ధతి ఒకటి ఉంది. తిరగరాయించేటప్పుడు అన్ని నగలూ ఒకే లోను కింద పెట్టకుండా విడివిడిగా రెండు మూడు లోన్లు చేయించండి, చెవికమ్మలు ఒకటి, గాజులు ఒకటి, హారం ఒకటి. నగ విలువ కట్టే అప్రైజర్ ఛార్జీ లోను లోనుకీ విడిగా పడొచ్చు, పడినా పర్లేదు. ముందు చిన్నది విడిపించండి. ఆ కమ్మలు ఇంటికొచ్చి చెవులకి పెట్టుకున్న రోజు ఇంట్లో ఉండే ధైర్యం వేరే, మిగతావి కూడా వస్తాయని నమ్మకం కుదురుతుంది, పెళ్ళాం మొగుడిని సాధించేది కూడా తగ్గుతుంది. ప్రైవేటుగా రెండు మూడు రూపాయల వడ్డీకి కుదవ పెట్టి ఉంటే దాన్ని విడిపించి బ్యాంకులో పెట్టేది మొదటి పని, వడ్డీ సగానికి పైగా తగ్గుతుంది, ఆ మిగిలింది నేరుగా అసలుకి పోవాల.

ఏది ముందు తీర్చాలి అనే దానికి లెక్క ప్రకారం జవాబు ఒకటే, వడ్డీ ఎక్కువున్నది ముందు. నేనూ అదే చెప్తా, ఒక్క మార్పుతో. చుట్టాల్లో ఎవరికైనా పదో ఇరవయ్యో వేలు చేబదులు బాకీ ఉండి, వాళ్ళు ఎదురొస్తారని పెళ్ళిళ్ళకి పోయేది మానుకుంటా ఉంటే, వడ్డీ లేకపోయినా సరే దాన్ని ముందు తీర్చేయండి. తలెత్తుకుని తిరిగే మనిషి అయిదేళ్ళు కట్టగలడు.

జీతగాళ్ళకి సరే, అందరికీ ఒకటో తారీఖు జీతం పడదు. మామిడి తోట ఉన్నోళ్ళకి జూన్, జులైలో ఒకేసారి వస్తుంది, పాడి ఉన్నోళ్ళకి పది పదిహేను రోజులకి పాల బిల్లు, తిరుపతిలో చిన్న షాపు, ఆటో, ట్యాక్సీ ఉన్నోళ్ళకి వేసవి సెలవులూ బ్రహ్మోత్సవాలూ సీజను. ఇట్లాంటోళ్ళు ఈఎంఐ తక్కువ ఉండేట్టు పెట్టుకుని సీజన్లో పెద్ద మొత్తం అసలుకి కట్టేది మేలు. పైన చెప్పిన లోనుకే మొదటి ఏడాది చివర 50 వేలు అదనంగా కడితే, మిగిలిన 48 కంతులు 41కి వచ్చేస్తాయి, వడ్డీలో దాదాపు 34 వేలు మిగులుతుంది. అప్పుడు బ్యాంకోళ్ళు ఈఎంఐ తగ్గించాలా నెలలు తగ్గించాలా అని అడుగుతారు, నెలలు తగ్గించమనండి. ఫ్లోటింగ్ వడ్డీ, అంటే మధ్యలో మారుతా ఉండే వడ్డీ, ఉన్న హోమ్ లోన్లకి ముందుగా కడితే పెనాల్టీ వేయకూడదు, పర్సనల్ లోన్లు చాలా వరకు ఫిక్స్‌డ్, అంటే వడ్డీ మారనివి కాబట్టి వాటికి ఛార్జీ ఉంటుందో లేదో కట్టేముందే అడగండి. ఇంకొకటి, పంట మీద ముందే మాట ఇచ్చేయొద్దు, 2025లో తోతాపురి ధర ఎట్లా పడిపోయిందో చూశాం కదా, ప్రభుత్వం కిలోకి 4 రూపాయలు కలపాల్సి వచ్చింది.

మళ్ళ చేతిలో రొంత డబ్బు పెట్టుకోకుండా మొత్తం అప్పుకే ఊడ్చి కట్టేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ పట్టుదలకి దండం పెట్టాలి గానీ ఒక్క జ్వరం వచ్చి అడ్మిట్ అయితే మళ్ళీ మూడు రూపాయల వడ్డీకి పోవాల్సి వస్తుంది, అప్పుడు విరిగిన మనసు మళ్ళీ అతకడం కష్టం. ఒక నెల ఇంటి ఖర్చు అంత వేరే అకౌంట్లో పెట్టి ఏటీఎం కార్డు ఇంట్లో వదిలేయండి. ఎన్టీఆర్ వైద్య సేవ పరిధిలోకి వచ్చే కుటుంబమైతే కాగితాలన్నీ సరిగా ఉన్నాయా లేదా అని జబ్బు రాకముందే చూసుకోండి.

పండగలు మానుకోమని నేను చెప్పను. మే నెల గంగమ్మ జాతరకి చుట్టాలొస్తారు, ఇంట్లో అంబలీ వేటా అన్నీ ఉంటాయి, అవి లేకుండా అయిదేళ్ళు బతకమంటే ఎవరూ బతకరు. ఏడాదికి పండగలకీ పెళ్ళి చదివింపులకీ కలిపి ఇంత అని ముందే రాసుకుని నెలనెలా పక్కన పెట్టండి, అయిపోతే అయిపోయినట్టే. మీరు కుదుటపడినట్టు కనపడతానే ఎవరో ఒకరు జామీను సంతకం అడుగుతారు, దానికి మాత్రం కచ్చితంగా "ఇప్పుడు కాదన్నా, మా లోను తీరేదాకా ఇంట్లో ఒప్పుకోరు" అని చెప్పేయండి, అప్పు తీరబోయే ఇల్లు మళ్ళీ మునిగేది ఎక్కువగా ఈ సంతకాలతోనే.

ఒక్కో లక్ష అసలు తీరినప్పుడు ఏదో ఒకటి చేసుకోండి. ఖర్చు లేనిదే ఎంచుకోండి, ఇంటిల్లిపాదీ శ్రీవారి మెట్టు మీదుగా కొండకి నడిచి పోయి రావచ్చు, 2,388 మెట్లు, పిల్లలు కూడా ఎక్కేస్తారు, చిత్తూరు వాళ్ళైతే కాణిపాకం పోయి రండి. ఎందుకు పోతున్నామో పిల్లలకి చెప్పండి, "లక్ష తీరింది" అనేది వాళ్ళ నోట్లోంచి వింటే మనకీ బలం వస్తుంది.

ఏదో ఒక నెల కట్టలేని పరిస్థితి వస్తుంది, అన్నేళ్ళలో రాకుండా ఉండదు. అప్పుడు డేట్ దాటకముందే బ్రాంచికి పోయి చెప్పండి, దాక్కుంటేనే సమస్య పెద్దదవుతుంది. ఆ కంతు కోసం ఫోన్లో లోన్ యాపు మాత్రం తెరవొద్దు, దయచేసి. బ్యాంకుల, ఫైనాన్స్ కంపెనీల రికవరీ ఏజెంట్లు పొద్దున 8 లోపల, సాయంత్రం 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ చెప్పింది, తిట్టడం, బెదిరించడం, చుట్టాలకి చెప్పి పరువు తీయడం ఏదీ చేయకూడదు. యాపుల వాళ్ళు ఫోటోలు మార్చి బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అప్పు గురించి రాత్రుళ్ళు నిద్రపట్టక, బతికి ఏం లాభం అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కి, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి ఫోన్ చేయండి, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు, ఇంట్లో కూడా ఒకరికి చెప్పండి. ఎంత పెద్ద అప్పుకైనా గడువు పెంచమని అడగొచ్చు, సెటిల్‌మెంట్ మాట్లాడుకోవచ్చు, మీరు ఉంటేనే ఏదైనా.

ఆఖరి ఏడాది జాగ్రత్త ఎక్కువ కావాలి. అప్పులు ఎట్లా కట్టామో చూసి వేసే సిబిల్ స్కోరు బాగుపడి ఉంటుంది కాబట్టి టాప్ అప్, అంటే అదే లోను మీద ఇంకొంత అప్పు, తీసుకోండి అని వరసగా ఫోన్లు వస్తాయి, ఎత్తినా వద్దనేయండి. చివరి కంతు కట్టినాక బాకీ ఏమీ లేదని నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి, బండి లోనైతే ఫారం 35 తీసుకుని ఆర్టీఓ దగ్గర ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు తీసేయించండి, ఇంటి కాగితాలు పెట్టి ఉంటే లోను తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ తిరిగి ఇవ్వాలి, వాళ్ళ తప్పు వల్ల లేటయితే రోజుకి 5 వేల రూపాయలు మనకి కట్టాలి. ప్రోనోటు అయితే చేతికి తీసుకుని అక్కడే చింపేయండి, తర్వాత ఇస్తాలే అంటే ఒప్పుకోవద్దు. రెండు నెలలాగి సిబిల్ రిపోర్టు తీసి చూడండి, ఏడాదికి ఒకసారి ఉచితమే, అందులో ఆ లోను క్లోజ్డ్ అని పడిందో లేదో చూసుకోండి. ఈఎంఐ కట్ అయిన తారీఖుకే వచ్చే నెల నుంచి అంత మొత్తానికీ ఆర్‌డీ, అంటే నెలనెలా కట్టే డిపాజిట్, పెట్టేయండి, అది లేకుండా బతకడం మీకు ఎట్లాగూ అలవాటైపోయింది కాబట్టి ఇబ్బంది ఉండదు, ఏడాది తిరిగేసరికి చేతిలో లక్షా నలభై వేల దగ్గర ఉంటుంది.