సోనీ లెన్స్‌ని నికాన్ జెడ్ బాడీకి తగిలించే ముందు

మౌంట్ (లెన్స్ బిగించే చోటు) నుంచి సెన్సర్ (బొమ్మ పడే చిప్) దాకా దూరం సోనీ ఈ-మౌంట్‌లో 18 మి.మీ., నికాన్ జెడ్‌లో 16 మి.మీ. మిగిలిన 2 మి.మీ.లోనే అడాప్టర్, అంటే రెంటినీ కలిపే రింగు, ఇమడాలి. అందుకే ఇటు కుదిరినది అటు కుదరదు. జెడ్ లెన్స్‌ని మామూలు అడాప్టర్ రింగుతో సోనీకి పెడితే దూరంగా ఉన్నవేవీ ఫోకస్‌లోకి రావు. కొనే ముందు ఇది చూసుకోండి.

• కరెంటు, సిగ్నల్ అందించే కాంటాక్టులు లేని చవక అడాప్టర్ వద్దు. ఇప్పటి ఈ-మౌంట్ లెన్సుల్లో చాలావాటికి ఫోకస్ రింగ్ తిప్పినా లోపలి గాజును కదిపేది మోటారే. పవర్ అందకపోతే ఫోకస్ రింగ్ ఎంత తిప్పినా బొమ్మ మసకగానే ఉంటుంది. ఎపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) కూడా మారదు.

• కెమెరా ఆఫ్ చేయండి. ముందు లెన్స్‌ని అడాప్టర్‌కి బిగించి, టక్కుమని పడ్డాక రెండూ కలిపి బాడీకి పెట్టండి. ఇంత పల్చటి అడాప్టర్‌ను బలవంతంగా తిప్పితే పిన్నులు వంగుతాయి. బిగుతుగా అనిపిస్తే ఆపి, తీసి మళ్లీ పెట్టండి.

• లెన్స్ బరువైనదైతే కింద చెయ్యి ఉండాల్సిందే. ట్రైపాడ్ మీదైతే లెన్స్ కాలర్‌కే (లెన్స్ చుట్టూ ఉండే పట్టీకి) బిగించండి.

• ఏపీఎస్-సీ లెన్స్ (చిన్న సెన్సర్ కోసం చేసినది) అయితే క్రాప్ మోడ్ (సెన్సర్ మధ్య భాగాన్నే వాడేది) ఆన్ చేయండి, లేకపోతే మూలలు నల్లబడతాయి.

• కెమెరా ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ రాగానే వేసేయకండి. అది మారితే అడాప్టర్ పనిచేయడం మానేయొచ్చు. అడాప్టర్ కంపెనీ కూడా అప్‌డేట్ ఇచ్చాకే వేయడం మంచిది.

• పెళ్లి షూట్ ఉంటే ముందురోజే, నడిచొచ్చే మనిషి మీద, తక్కువ వెలుతురులో ఐ ఆటోఫోకస్ (కంటి మీద దానంతటదే ఫోకస్ పట్టడం) పరీక్షించండి. తలంబ్రాల వేళకి మాత్రం నికాన్ సొంత లెన్సే పెట్టుకోండి, టెన్షన్ ఉండదు.