ఎంత తగ్గాలి, ఎన్నాళ్ళకు తగ్గాలి: ముందు లెక్క సరిచేసుకుందాం

రాజమండ్రిలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది కూర్చోగానే ఒక అంకె చెబుతారు. "పదిహేను కిలోలు తగ్గాలండి, మాఘమాసంలో మా అమ్మాయి పెళ్ళి." చూస్తే పెళ్ళికి రెండు నెలలే ఉంటుంది. నేను ముందు ఆ అంకెను కాగితం మీద పెడతాను. బరువు తగ్గాలనుకునేవాళ్ళ మనసు విరిగేది తిండి దగ్గర కాదు, ఈ మొదటి అంకె దగ్గరే.

లెక్క ఇది. ఒంట్లో ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు రావాలి. పదిహేను కిలోలకు లక్షా పదిహేను వేలు దాటుతుంది. దాన్ని అరవై రోజులతో భాగిస్తే రోజుకు 1,900 పైమాటే. నలభై అయిదేళ్ళ వయసు, 155 సెంటీమీటర్ల ఎత్తు, 78 కిలోల బరువు ఉండి, ఇంటిపని, ఉద్యోగం చేసుకునే ఆవిడకు రోజు మొత్తంలో ఖర్చయ్యేదే దాదాపు అంత. అంటే రెండు నెలలు ఒక్క మెతుకు ముట్టకుండా ఉంటే తప్ప ఆ లెక్క తేలదు. ఎంత పట్టుదల ఉన్నవాళ్ళకైనా అది సాధ్యం కాదు. కానీ ఓడిపోయినవాళ్ళు లెక్క తప్పని అనుకోరు. "నాకు నోరు కట్టుకోవడం చేతకాదండి" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు చాలా బాధేస్తుంది.

మరి ఎంత పెట్టుకోవాలి? మీ బరువులో ఇరవయ్యో వంతు. 78 కిలోలు ఉంటే నాలుగు కిలోలు. అంతేనా అని నిరాశ పడకండి. ఆ మాత్రం తగ్గితేనే బీపీ, షుగరు, ట్రైగ్లిజరైడ్లలో (రక్తంలోని కొవ్వు) తేడా కనిపించడం మొదలవుతుంది. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి గాడి తప్పే సమస్య) ఉన్న ఆడపిల్లల్లో చాలామందికి నెలసరి గాడిన పడేది కూడా ఇక్కడినుంచే. ఎత్తుకు తగ్గ బరువు చార్టు ఉంటుంది కదా, 155 సెంటీమీటర్లకు 55 కిలోలని చూపిస్తుంది. మన భారతీయులకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంతో చూపే అంకె) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని నిర్ణయించారు కాబట్టి ఆ చార్టు తప్పేమీ కాదు. కాకపోతే 78 దగ్గర ఉన్న మనిషి రోజూ 55 వంక చూసుకుంటూ ఉంటే నెలరోజులు కూడా నిలబడలేరు. 74 వంక చూడండి. అక్కడికి చేరాక 70 సంగతి మాట్లాడుకుందాం.

వ్యవధి విషయానికొస్తే, వారానికి అరకిలో తగ్గడం సురక్షితమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. పెళ్ళిళ్ళూ పండగలూ జ్వరాలూ అన్నీ ఉండే మన ఇళ్ళలో నెలకు కిలో, కిలోన్నర తగ్గితే అది మంచి పని కిందే లెక్క. నాలుగు కిలోలకు మూడు నాలుగు నెలలు రాసిపెట్టుకోండి. మొదటి పదిరోజుల్లో ఒక్కోసారి రెండు కిలోలు దిగిపోతాయి. అదంతా కొవ్వు కాదు. ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థం ఖర్చవుతూ తనతో పట్టి ఉంచుకున్న నీటిని వదిలేస్తుంది. ఈ సంగతి ముందే తెలిస్తే, మూడో వారంలో ముల్లు నెమ్మదించినప్పుడు టెన్షన్ పడరు.

ఇక పని ఎక్కడ మొదలుపెట్టాలి? నేనైతే అన్నం దగ్గరే మొదలుపెట్టిస్తాను. అన్నం మానెయ్యమని ఎవరికీ చెప్పను. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్ళకు ఆ మాట చెప్తే వారం రోజులు వింటారు, ఎనిమిదో రోజున ఇంకాస్త ఎక్కువ తింటారు. మన భోజనం తీరు ఒకసారి గమనించండి. పప్పులోకి ఒక హస్తం (అన్నం వడ్డించే గరిటె), కూరలోకి ఒక హస్తం, పులుసులోకో చారులోకో ఒకటి, చివర పెరుగులోకి ఒకటి. వంటకం మారినప్పుడల్లా కంచంలోకి అన్నం వస్తూనే ఉంటుంది. ఒక్కో హస్తం వంద గ్రాముల అన్నం అనుకుంటే 130 కేలరీలు. ఒక పూటకే అయిదు వందలు దాటిపోయింది, అందులో కూర లెక్క ఇంకా వెయ్యలేదు.

అందుకని రెండు హస్తాలు మాత్రం ఉంచుకోండి. ఏ రెండింటిలోకో మీ ఇష్టం. చారు గ్లాసులో పోసుకుని తాగండి, చలికాలంలో మిరియాల చారైతే మరీ బాగుంటుంది. పెరుగు గిన్నెలో వేసుకుని తినండి, లేదా మజ్జిగ చేసుకోండి. కూర మాత్రం ఇప్పుడు వేసుకునేదానికి రెట్టింపు వేసుకోండి. బెండకాయ, దొండకాయ, ఆనపకాయ, గోంగూర, తోటకూర ఏదైనా సరే. పప్పు గట్టిగా వండుకోండి, గుడ్డో చేపో అలవాటుంటే వదలొద్దు. కడుపు నిండినట్టు ఉండాలంటే మాంసకృత్తులు కావాలి. బరువు తగ్గేటప్పుడు కొవ్వుతోపాటు కండ కరిగిపోకుండా కాసేదీ అవే. పూటకు ఒక్క హస్తం తగ్గినా రోజుకు 260 కేలరీలు మిగిలినట్టే.

ఇంకో చిన్న సంగతి ఆడవాళ్ళకు ముఖ్యం. ఇంట్లో అందరూ తిన్నాక గిన్నె అడుగున కాస్త అన్నం, కాస్త కూర మిగులుతాయి. పారెయ్యడానికి చేతులు రావు, అమ్మే తినేస్తుంది. తణుకు నుంచి వచ్చే ఒక టీచరు గారు రోజంతా జాగ్రత్తగానే ఉండేవారు, బరువు మాత్రం కదిలేది కాదు. రాత్రి గిన్నెలు కడిగే ముందు ఏం జరుగుతుందో అడిగితే అప్పుడు తెలిసింది. ఆవిడకు చెప్పింది ఒక్కటే: కుక్కర్లో ఒక గుప్పెడు బియ్యం తక్కువ వెయ్యండి. ఒకవేళ సరిపోకపోతే పిల్లలకు రెండు దోసెలు పొయ్యండి. మిగలకపోతే తినాల్సిన పనే లేదు కదా.

తర్వాతది నూనె. ఒక పెద్ద చెంచాడు నూనెలో సుమారు 120 కేలరీలు ఉంటాయి, అంటే దాదాపు ఒక హస్తం అన్నమంత. చెంచాతో కొలవమని చెప్తే ఎవరూ కొలవరు, తాలింపు పెట్టే హడావిడిలో కుదరదు. దానికి బదులు కొత్త ప్యాకెట్ విప్పిన రోజున దానిమీద స్కెచ్ పెన్నుతో తారీఖు వెయ్యండి. నలుగురున్న ఇంటికి నెలకు మూడు లీటర్లు దాటకూడదు. నూనె, నెయ్యి, ఆవకాయ మీద తేలేది అన్నీ అందులోకే వస్తాయి. అయిదు లీటర్లు అవుతుంటే ఒక్కసారిగా మూడుకు దిగాలని చూడకండి, వచ్చే నెలకు నాలుగున్నర చాలు. ఇంట్లోవాళ్ళకు రుచి మారినట్టే తెలియదు. వేపుడు చేసే రోజున కూరగాయను ముందు ఆవిరి మీద సగం ఉడికించుకుంటే సగం నూనెతోనే వేగుతుంది. టీలో చక్కెర కూడా చూసుకోండి. రెండు చెంచాల చొప్పున మూడుసార్లు తాగితే అది కూడా 120 కేలరీలే.

బంధువుల ఇంట్లో భోజనమంటే అందరికీ భయమే. మన దగ్గర పెట్టేవాళ్ళ ప్రేమను కాదనలేం. అత్తయ్యగారు చేత్తో గిన్నె పట్టుకుని "ఇంకొంచెం వెయ్యనా అమ్మా, అసలేం తినలేదు" అంటుంటే కంచం మీద చెయ్యి అడ్డంపెట్టడం కష్టమే. అక్కడ డైట్ గురించి చెప్పకండి, చెప్తే నలుగురూ నాలుగు సలహాలు ఇస్తారు. మొదటిసారి సగమే పెట్టించుకోండి. మారు వడ్డించడానికి వచ్చినప్పుడు సంతోషంగా పెట్టించుకోండి. వాళ్ళకు తృప్తి, మీకు లెక్క తప్పదు. బూరెలో, పూతరేకులో వడ్డిస్తే ఒకటి తినండి, రుచి చూస్తూ నెమ్మదిగా తినండి. ఆ రోజుకు అన్నం ఒక హస్తం తగ్గించుకుంటే సరిపోతుంది.

నడక గురించి మీకు అందరూ చెప్పే ఉంటారు కాబట్టి ఎక్కువ చెప్పను. అరగంట చురుగ్గా నడిస్తే 120 నుంచి 150 కేలరీలు ఖర్చవుతాయి. ఒక్క పెద్ద సమోసాతో అది తిరిగి వచ్చేస్తుంది, అందుకని నడిచాం కదా అని తిండిలో సడలించకూడదు. నడక షుగరుకు, గుండెకు, నిద్రకు చేసే మేలు వేరు. వేసవిలో మా ఊళ్ళో గోదావరి గట్టు మీద పొద్దున్న ఆరున్నర దాటితే నడవలేం. అలాంటి రోజుల్లో ఇంట్లోనే, భోజనం తర్వాత పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడవండి. మోకాళ్ళ నొప్పులుంటే గట్టి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు చెయ్యండి. అలా లేవలేకపోతే మొదట్లో చేతులు ఆనించుకోండి, ఫర్వాలేదు.

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వద్దాం. రెండో నెల చివరో మూడో నెలలోనో ముల్లు ఆగిపోతుంది. "అండీ, అన్నీ మీరు చెప్పినట్టే చేస్తున్నాను, మూడు వారాల్నించి కదలట్లేదు" అని ఫోన్లు వస్తాయి. దీనికి కారణాలున్నాయి. ఒళ్ళు తేలికయ్యే కొద్దీ రోజువారీ ఖర్చు తగ్గుతుంది. తిండి తగ్గిందని గ్రహించిన శరీరం కాస్త పొదుపు కూడా మొదలుపెడుతుంది. ఇవి కాక ఉప్పు, నీళ్ళు, విరేచనం సరిగా కాకపోవడం, నెలసరి ముందు ఒళ్ళు నీరు పట్టడం వల్ల బరువు ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. నిన్న రాత్రి పచ్చడి, అప్పడాలతో తిని, ఈరోజు పొద్దున్న కిలో పెరిగానని ఏడవడంలో అర్థం లేదు. ఒక్క రాత్రిలో కిలో కొవ్వు పట్టదు.

అందుకే రోజూ బరువు చూసుకుని బెంగపడేవాళ్ళకు వారానికి ఒక్కసారే చూసుకోమని చెప్తాను. ప్రతిసారీ అదే రోజు, అదే టైము, దొడ్డికి వెళ్ళొచ్చాక, కాఫీకి ముందు. అంకె రాసుకుని, నెలకు నాలుగు అంకెల సగటు తీసి పోయిన నెల సగటుతో పోల్చండి. నెలకోసారి టేపుతో నడుం కొలవండి. కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో, ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి బిగించకుండా కొలవాలి. ఆడవాళ్ళకు 80, మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు మన హద్దు. ముల్లు ఆగిన నెలలో కూడా టేపు రెండు సెంటీమీటర్లు దిగడం, జాకెట్టు చంకల్లో బిగుతు తగ్గడం, రెండో అంతస్తుకు ఆగకుండా ఎక్కగలగడం నేను చాలామందిలో చూశాను. షుగరు ఉన్నవాళ్ళయితే మూడు నెలలకోసారి చేయించుకునే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు చూపే పరీక్ష) చూసుకోండి.

దీనికి గట్టి ఆధారం కూడా ఉంది. మధుమేహం అంచున ఉన్నవాళ్ళ మీద చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్ళలో మూడేళ్ళకు మధుమేహం వచ్చే ముప్పు 28 శాతానికి పైగా తగ్గింది. వాళ్ళ బరువులో మాత్రం చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. ముల్లు కదలని వారంలో కూడా మీరు తగ్గించిన హస్తం అన్నం, నడిచిన అరగంట ఒంట్లో పని చేస్తూనే ఉన్నాయి. ఉత్సాహం తగ్గిన రోజున ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి. గోడమీది క్యాలెండర్లో బరువు కాదు, రెండే రెండు విషయాలు టిక్ పెట్టుకోండి: పూటకు రెండు హస్తాలేనా, నడిచానా. బరువు మన చేతిలో లేదు, ఈ రెండూ ఉన్నాయి.

థైరాయిడ్ గురించి కూడా చాలామంది అడుగుతారు. థైరాయిడ్ తగ్గడం వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి అయిదు కిలోలు, అందులోనూ ఎక్కువ నీరే. మాత్ర సరిగా వేసుకుంటూ థైరాయిడ్ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్ అదుపులో ఉంటే మిగతావాళ్ళలాగే తగ్గవచ్చు. "నాకు థైరాయిడ్, నేనిక తగ్గను" అని ఆశ వదులుకోకండి. బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు మన దేశంలోకి 2025లో వచ్చిన దగ్గర్నుంచి వాటి సంగతీ అడుగుతున్నారు. అవి పనిచేస్తాయి, కొందరికి అవసరం కూడా. అయితే వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్ మీద జరిగిన ఒక పెద్ద పరీక్షలో, ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. డాక్టరు రాస్తే వాడుకోండి, కంచం సంగతి మాత్రం అప్పుడూ మనదే.

షుగరు మాత్రలు, ముఖ్యంగా గ్లిమిపిరైడ్ లాంటివి, లేదా ఇన్సులిన్ వాడేవాళ్ళు అన్నం తగ్గించే ముందే డాక్టరుకు చెప్పాలి. మోతాదు అలాగే ఉంచి తిండి తగ్గిస్తే షుగరు పడిపోయి కళ్ళు తిరుగుతాయి, చెమటలు పడతాయి, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. ఏమీ చెయ్యకుండానే బరువు తగ్గిపోతుంటే సంతోషించకుండా వెంటనే పరీక్ష చేయించుకోండి.

నాలుగు కిలోలు తగ్గాక వెంటనే తర్వాతి నాలుగుకు పరిగెత్తొద్దు. రెండు నెలలు అక్కడే నిలబెట్టుకోండి. తగ్గించడం కన్నా నిలబెట్టుకోవడమే ఎక్కువ మందికి కష్టమవుతోంది, దానికీ అలవాటు పడాలి. సంక్రాంతికి అరిసెలూ సకినాలూ తింటాం, ఒక కిలో పెరుగుతుంది, ఫర్వాలేదు. కనుమ వెళ్ళిన వారం మళ్ళీ రెండు హస్తాలకు వచ్చేయండి. పండగ కాని రోజుల్లో నెల సగటు రెండు కిలోలు పైకి వెళ్తే మాత్రం వచ్చే నెల దాకా ఆగకుండా నూనె ప్యాకెట్ మీద తారీఖు చూసుకోండి, క్యాలెండర్లో టిక్కులు ఎక్కడ ఆగిపోయాయో చూసుకోండి, ఆ రోజు రాత్రి భోజనం నుంచే మళ్ళీ మొదలుపెట్టండి.