థీసిస్ సమర్పించే ముందు, వైవాకు (మౌఖిక పరీక్షకు) వెళ్లే ముందు

పేజీ నంబర్లు, అచ్చుతప్పులు ఎలాగూ చూసుకుంటారు. కింద చెప్పినవి మాత్రం ఆఖరి టెన్షన్‌లో జారిపోతుంటాయి.

• ఇతరుల వాక్యం, బొమ్మ, పట్టిక ఏది వాడినా, వాడిన చోటే మూలం చెప్పండి. సొంత మాటల్లోకి మార్చి రాసినా సరే, చెప్పాల్సిందే. కాపీ అని తేలితే మార్కులు తగ్గడంతో ఆగదు, చేతికొచ్చిన డిగ్రీ కూడా రద్దు కావచ్చు. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌లో సిమిలారిటీ (పోలిక) శాతం తక్కువ వచ్చిందని నిశ్చింతగా ఉండకండి. అది పోలిన మాటల్ని పట్టుకుంటుంది, ఎత్తుకొచ్చిన ఆలోచనను కాదు.

• ఫైలు, డేటా ల్యాప్‌టాప్‌లో ఒక్కచోటే ఉంచొద్దు. ఇంకో కాపీ క్లౌడ్‌లో, మరొకటి విడి డ్రైవ్‌లో ఉండాలి.

• చివరి డ్రాఫ్టు గైడ్‌కి ముందుగానే ఇవ్వండి. ఆయన చదవడానికే కాదు, మీరు దిద్దుకోవడానికీ టైం కావాలి.

• సారాంశంలోని అంకెలు లోపలి పట్టికలతో సరిపోయాయా? లెక్కలు మార్చి సారాంశాన్ని పాతదే ఉంచేయడం చాలా మామూలు. పరీక్షకులు ముందు చదివేదేమో అదే!

• వైవాలో ఇలా అడగొచ్చు: ఈ పద్ధతే ఎందుకు, శాంపిల్ ఇంతే ఎందుకు, మీ పనిలో పరిమితులేంటి? జవాబులు పైకి చెప్పి చూసుకోండి. మనసులో తేలిగ్గా అనిపించేవి నోటితో చెప్పబోతే తడబడతాయి. తెలియనిదాన్ని తెలియదనడంలో తప్పులేదు. కల్పించి చెబితే మరుసటి ప్రశ్నకే దొరికిపోతారు.

• స్లైడ్ల పీడీఎఫ్ కాపీ వెంట ఉంచుకోండి. వేరే కంప్యూటర్‌లో ఫాంట్లు, సమీకరణాలు చెదిరిపోవచ్చు.