రామప్ప నల్లరాతి చెక్కడాలకు అన్‌షార్ప్ మాస్క్

అన్‌షార్ప్ మాస్క్ అంటే నెగటివ్ నుంచే మసకగా తీసి, ప్రింటు వేసేటప్పుడు దానికే జోడించే పల్చటి పాజిటివ్ ఫిల్ము. ఫోకస్ తప్పిన నెగటివ్‌ను మాస్క్ కాపాడలేదు. ముందు లైట్‌బాక్స్ మీద లూపు (చిన్న భూతద్దం) పెట్టి చూడండి. మదనిక (గుడి మీద చెక్కిన స్త్రీ బొమ్మ) మెడలోని హారంలో పూస పూసా విడిగా కనిపిస్తేనే ఈ పనికి దిగండి. 120 రోల్ ఫిల్ము గానీ 4×5 అంగుళాల షీటు గానీ అయితే మేలు, 35 ఎంఎంలో నెగటివ్, మాస్క్ బొమ్మలను కలపడం చాలా కష్టం.

నునుపు చేసిన నల్లరాయి మీద మెరుపు, గాట్లలో చీకటి. మెత్తటి గ్రేడ్ (వెలుగునీడల తేడా తక్కువ చూపే పేపరు)లో ప్రింటు వేస్తే పూసలు కలిసిపోతాయి, గట్టి గ్రేడ్‌లో మెరుపులు తెల్లగా తేలిపోతాయి. మసకగా తీసిన పల్చటి పాజిటివ్‌ను నెగటివ్‌కు జోడిస్తే పెద్ద వెలుగునీడల మధ్య తేడా తగ్గుతుంది. సన్నటి గీతలు మాస్క్‌లోకి ఎక్కవు కాబట్టి వాటి తేడా అలాగే ఉంటుంది. ఇక ధైర్యంగా గట్టి గ్రేడ్ 3 లేదా 4 వాడొచ్చు, పదును అక్కడే వస్తుంది.

పూర్తి చీకట్లో ఎన్‌లార్జర్ కింద నల్లకాగితం వేసి, దాని మీద మాస్క్ కోసం ఎఫ్‌పీ4 (నలుపు-తెలుపు ఫిల్ము) షీటును ఎమల్షన్ (మందు పూత) పైకి పెట్టండి. ఆపైన వెలుగును చెదరగొట్టే ఫ్రాస్టెడ్ డ్రాఫ్టింగ్ ఫిల్ము, నెగటివ్ (ఇదీ ఎమల్షన్ పైకే), గాజు. లెన్స్ వెలుగు దాదాపు తిన్నగా పడుతుంది, అందుకే నెగటివ్ బేస్ (పూత కింది ప్లాస్టిక్) మందం ఒక్కటే మసకకు చాలదు. ఎఫ్/16 దగ్గర 1, 2, 4, 8 సెకన్ల టెస్ట్ స్ట్రిప్ వేయండి. డెవలపర్‌ను మామూలు కంటే బాగా పల్చన చేసి 20 డిగ్రీల దగ్గర డెవలప్ చేయండి. డెన్సిటీ (నలుపు చిక్కదనం) తేడా 0.3 చాలు: మాస్క్‌ను పేపరు మీద పెడితే దాని చిక్కటి చోటు గుండా కూడా అక్షరాలు చదవగలగాలి.

ఎండకాలంలో వరంగల్‌లో మేడ మీది ట్యాంకు నీళ్లు కాలుతుంటాయి. ఐసు నేరుగా డెవలపర్‌లో వేయొద్దు, పల్చబడి ప్రతి మాస్కూ వేరుగా వస్తుంది. ఐసునీళ్ల టబ్బులో ట్రే నిలపండి. ఫిక్సర్, కడిగే నీళ్లు కూడా దాదాపు అదే వేడిలో ఉండాలి. చల్లటి ఫిల్ముకు ఒక్కసారిగా వేడినీళ్లు తగిలితే ఎమల్షన్ ముడతపడొచ్చు.

ఆరాక లైట్‌బాక్స్ మీద నెగటివ్ బేస్ వైపు మాస్క్ ఆనించి, లూపుతో చూస్తూ మెల్లగా జరపండి. ఒక వెంట్రుక మందం తప్పినా బొమ్మ అంచుకు ఒకపక్క నలుపు, మరోపక్క తెలుపు వచ్చి ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. సరిగ్గా కుదిరితే బొమ్మంతా చప్పగా, బూడిదరంగులో పడుకుంటుంది, అదే గుర్తు. ఒక్క అంచుకే టేపు వేయండి. ఎన్‌లార్జర్‌లో నెగటివ్ ఎమల్షన్ కిందికి, మాస్క్ పైకి ఉండాలి. జోడీ వేడికి ఉబ్బకుండా గాజు క్యారియర్ వాడండి. గ్రెయిన్ ఫోకసర్ (ఫిల్ము రేణువులను పెద్దగా చూపే పరికరం)తో నెగటివ్ గ్రెయిన్ మీదే ఫోకస్ చేసి, ఎఫ్/8లో ప్రింటు వేయండి. దుమ్ము పట్టే పొరలు పెరిగాయి, ప్రతి పొరనూ బ్లోయర్‌తో ఊదండి.

ఆకాశాన్ని తాకే శిఖరం అంచు వెంట తెల్లటి చార కనిపిస్తే మాస్క్ చిక్కగా వచ్చినట్టో, మసక ఎక్కువైనట్టో. ముందు ఎక్స్‌పోజర్ తగ్గించి మరో మాస్క్ తీయండి. చార అప్పటికీ పోకపోతే ఇంకా పల్చటి డ్రాఫ్టింగ్ ఫిల్ము వేయండి.