యూకేలో ట్రాన్స్ వాళ్ల అసైలం (ఆశ్రయం కోరే) కేసుకి సాయం చేస్తున్నారా, అయితే ఇవి చూసుకోండి

యూకేలో మనవాళ్లు చాలామంది చారిటీల్లో వాలంటీర్లుగానో, నాలుగు భాషలొచ్చు కదా అని ఇంటర్‌ప్రెటర్లుగానో చేస్తుంటారు, వాళ్ల కోసమే ఇది.

ముందు పేరు సంగతి. ఎదురుగా ఏమని పిలవాలి, ఫోన్లో ఎవరు కావాలని అడగాలి, కవర్ మీద ఏం రాయాలి, మూడూ విడివిడిగా అడగండి, ఎందుకంటే ఒకే రూమ్‌లో ఉండేవాళ్లకి కూడా విషయం తెలియకపోవచ్చు. హోమ్ ఆఫీస్ (ఈ కేసులు చూసే ప్రభుత్వ శాఖ) లెటర్లు చాలాసార్లు పాస్‌పోర్ట్ పేరుతోనే వస్తాయి, కేసు తేలేదాకా వాళ్లని ఉంచే హోటల్ రిసెప్షన్‌లో ఎవరో ఆ పాత పేరు పెట్టి గట్టిగా కేకేస్తే అక్కడితో ఫ్లోర్ మొత్తానికి తెలిసిపోతుంది. రూమ్ నంబర్‌తో పిలవండని మేనేజర్‌కి ఒక మెయిల్ కొట్టండి, పైసా ఖర్చు లేని పని.

ఇంటర్వ్యూ చేసేవాళ్లు, ఇంటర్‌ప్రెటర్ ఆడవాళ్లైతే మేలా మగవాళ్లైతే మేలా అని స్క్రీనింగ్ అనే మొదటి ఇంటర్వ్యూలోనే అడుగుతారు, అప్పుడు చెప్పలేకపోతే తర్వాత లాయర్‌తో రాయించొచ్చు. మీరే ఇంటర్‌ప్రెటర్ అయితే మాత్రం "మీదే ఊరు, ఎవరి తాలూకు" లాంటివి ఎత్తకండి బాబూ, సొంత యాస వినగానే ఇంట్లోవాళ్లకి చేరిపోతుందేమో అని నోరు కట్టేసుకునేవాళ్లు ఉంటారు. వాళ్లని ఎవరో తిట్టిన బూతు చెప్తే అదే బూతు చెప్పండి, మీకు ఇబ్బందిగా ఉందని మెత్తగా చేసి చెప్తే జరిగిన దారుణం కూడా రికార్డులో మెత్తగానే ఉండిపోతుంది.

ఒంటి గురించి, ఆపరేషన్ గురించి ఆరా తియ్యకండి. ట్రాన్స్ అని ఒప్పుకోడానికి సర్జరీ పేపర్లేం అక్కర్లేదు, తమ జీవితం గురించి తాము చెప్పేదే కేసుకి ప్రాణం. మొదట్లో ఈ విషయం దాచి వేరే కారణం చెప్పుంటే లాయర్‌కి వెంటనే చెప్పించండి, ఎందుకు చెప్పలేకపోయారో స్టేట్‌మెంట్‌లో రాయాలి. తేదీ గుర్తులేకపోతే ఊహించి చెప్పొద్దనండి, "పదో తరగతి అయ్యాక" అన్నా సరిపోతుంది. మీ దేశంలో దాచుకుని గుట్టుగా బతకొచ్చుగా అని ఎవరైనా అంటే, భయంతో దాచుకోవాల్సొస్తే అది కూడా రక్షణ ఇవ్వాల్సిన కేసేనని 2010లోనే యూకే సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు గే వాళ్ల కేసుల్లో వచ్చింది కానీ ఇక్కడా అదే లాజిక్.

ఇంత చెప్పాను కదా అని కేసు ఎలా నడపాలో మీరు సలహాలివ్వకండి, రిజిస్టర్ అవ్వకుండా ఇమ్మిగ్రేషన్ సలహా ఇవ్వడం ఇక్కడ నేరం. లీగల్ ఎయిడ్ (ఫీజు ప్రభుత్వమే ఇచ్చే) లాయర్‌ని వెతికిపెట్టండి, ఎల్జీబీటీ శరణార్థులకి సాయం చేసే రెయిన్‌బో మైగ్రేషన్ చారిటీ వాళ్లని కాంటాక్ట్ చెయ్యమనండి. హోటల్లో వేధింపులుంటే తేదీలతో రాసిపెట్టి రూమ్ మార్చమని అడగాలి, మైక్రో రెయిన్‌బో అనే ఇంకో సంస్థకి సేఫ్ హౌస్‌లు ఉన్నాయి, అక్కడా ట్రై చెయ్యండి.

జీపీ (ఏరియా ఫ్యామిలీ డాక్టర్) దగ్గర రిజిస్టర్ అవ్వడానికి వీసా పేపర్లు చూపించక్కర్లేదు, రిసెప్షనిస్ట్ అడిగినా మర్యాదగా అదే చెప్పండి. హోర్మోన్లు వాడుతుంటే పాత చీటీలు, ఖాళీ స్ట్రిప్పులు పారేయకుండా తీసుకెళ్లమనండి, కొందరు డాక్టర్లు కంటిన్యూ చేస్తారు, కొందరు జెండర్ క్లినిక్‌కి పంపుతారు, ఆ క్యూ ఏళ్ల తరబడి ఉంటుంది.

కేసు రిజెక్ట్ అయితే అప్పీల్‌కి మామూలుగా 14 రోజులే, లెటర్ చేతికొచ్చిన రోజే ఫొటో తీసి లాయర్‌కి పంపించండి.