తొలకరికి ముందే పెరట్లో కలుపు ఆపడం

శ్రీకాకుళం, విజయనగరం పెరళ్లలో కలుపు కళ్లకు కనబడేది జూన్‌లో. దాని సంగతి తేల్చాల్సింది మాత్రం ఉగాదికీ మృగశిర కార్తెకీ మధ్యలోనే. తొలకరి పడ్డాక పీకడం మొదలుపెడితే దసరా దాకా పీకుతూనే ఉండాలి.

గాలికి కొట్టుకొచ్చే గింజలు కొన్నే. మిగతావి మనమే బండి కట్టి మరీ తెచ్చుకుంటాం. వేసవిలో చెరువు మన్నో, నాగావళి, వంశధార ఒడ్డున ఒండ్రో తోలించుకోవడం మామూలే కదా. మొక్కలకు బలమే, కాదనలేం. కానీ అందులో తుంగ గడ్డలు, ఊద గింజలు కూడా వస్తాయి. ఆ మన్ను తిన్నగా మడిలో పోయకండి. ఓ మూల బెత్తెడు మందాన పరిచి, తడిపి, రెండు వారాలు వదిలేయండి. మొలిచిందంతా దోకేసి, గడ్డలు ఏరేశాక వాడుకోండి.

గెత్తం, అంటే పశువుల పెంట ఎరువు, కూడా అంతే. పశువు మేసిన గింజల్లో కొన్ని పేడలో బతికే బయటపడతాయి. గెత్తం నల్లబడి పొడిపొడిగా ఉన్నంత మాత్రాన గింజ చచ్చినట్టు కాదు. కుప్ప లోపల 55 నుంచి 60 డిగ్రీల వేడి మూడు రోజులైనా నిలవాలి. దానికి కుప్ప కనీసం మూడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు ఉండాలి; చిన్నదైతే వేడి పుట్టినా నిలవదు. థర్మామీటరు లేకపోతే ఇనప చువ్వను కుప్ప నడిమికి గుచ్చి, పావుగంట ఆగి తీయండి. చువ్వ చివర చేత్తో పట్టుకోలేనంతగా కాలితే దారిలో ఉన్నట్టే. అంచుల్లో ఉన్నది వేడెక్కదు కాబట్టి వారానికోసారి బయటిది లోపలికి, లోపలిది బయటికి తిరగేయాలి. మూడుసార్లకు తగ్గకూడదు.

ఇక ఎండ. మన దగ్గర ఏప్రిల్, మే ఎండలు తిట్టుకోవడానికే కాదు, మట్టిని ఉడకబెట్టడానికీ పనికొస్తాయి. ఏప్రిల్ చివర భరణి కార్తె రాకముందే మడి తవ్వి, గడ్డలు చిదిపి, చాప పరిచినట్టు చదును చేయండి. జానెడు లోతు తడిసేలా నీళ్లు పెట్టి, మర్నాడు పారదర్శకంగా ఉండే పాలిథిన్ షీటు, 25 నుంచి 50 మైక్రాన్లది, నేలకు అతుక్కునేలా పరవండి. చుట్టూ జానెడు లోతు కాలవ తీసి అంచులు అందులో పూడ్చేయాలి. రాళ్లు పెట్టి సరిపెడితే మే నెల గాలివానకు షీటు పక్కింటి కొబ్బరిచెట్టెక్కుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు కదపకండి. చిల్లు పడితే అదే రోజు టేపు వేయండి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాట్లు మూడు. నల్ల షీటు వేస్తారు: అది తానే వేడెక్కుతుంది, పారదర్శక షీటులా ఎండను మట్టిలోకి పోనివ్వదు. పొడి నేల మీద వేస్తారు: వేడి లోతుకు దిగాలంటే తడి కావాలి, పైగా నానిన గింజ చచ్చినంత సులువుగా ఎండు గింజ చావదు. మూడోది, షీటు తీశాక మళ్లీ లోతుగా తవ్వుతారు. ఉడికింది పైనున్న మూడు, నాలుగు అంగుళాలే. కింద బతికున్న గింజలను పైకి తెచ్చుకుంటే నెలన్నర కష్టం వృథా. విత్తేటప్పుడు అంగుళం మించి కదపకండి.

షీటు కుదరనివాళ్లు కలుపును మోసం చేయొచ్చు. మడి విత్తడానికి తయారు చేసి, విత్తకుండా నీళ్లు పెట్టండి. పది రోజుల్లో పచ్చగా మొలుస్తుంది. బొరిగతో అరంగుళం లోతున, ఉదయం తొమ్మిది దాటాక, దోకండి. మధ్యాహ్నానికి వాడి చస్తుంది. మళ్లీ తడిపి ఇంకోసారి ఇలాగే చేశాక అప్పుడు బెండ, ఆనప గింజలు పెట్టుకోండి. ఇంకా మట్టి పైకి రాని మొలకను వేలితో గీకి చూస్తే తెల్ల దారంలా ఉంటుంది. దాన్ని చంపడానికి అంతకన్నా తేలికైన రోజు మళ్లీ రాదు.

ఇవేవీ తుంగకు పూర్తిగా పని చేయవు. ఎండకు ఉడకనంత లోతున దాని గడ్డలు గొలుసుకట్టుగా ఉంటాయి. కొస గడ్డ మొలుస్తుంటే మిగతావి నిద్రపోతాయి. పారతో నరికితే గొలుసు తెగి, నిద్రపోయినవన్నీ ఒకేసారి లేస్తాయి. అందుకే నరికినకొద్దీ పెరుగుతుంది. నేల తడిగా ఉన్నప్పుడు గునపంతో జానెడు పైన లోతుకు పెకలించి, గడ్డ గడ్డా ఏరి, సిమెంటు గచ్చు మీద రెండు వారాలు మే ఎండలో ఎండబెట్టండి. విరిస్తే లోపల తెల్లగా, చెమ్మగా ఉంటే ఇంకా బతికే ఉంది. గెత్తం కుప్పలో మాత్రం వేయొద్దు. తప్పించుకుని మొలిచినవాటిని మూడు వారాల లోపే, కొత్త గడ్డ కట్టకముందే తీసేయాలి. తుంగకు నీడ పడదు. ఆ చోట వానాకాలంలో బొబ్బర్లో, చిలగడదుంపో ఒత్తుగా పెంచండి. లేదా సెంటుకు 200 గ్రాముల జనుము చల్లి, పూత దశలో, 45 రోజులకు, మట్టిలో కలిపేయండి.

గరిక పక్కనుంచి పాకుతుంది. మడి చుట్టూ పాత బంగాళా పెంకులు నిలువుగా, సగానికి పైగా దిగేలా పాతితే వేళ్లు ఆగుతాయి. పైనుంచి దాటే తీగలను వారానికోసారి కోసేయాలి.

మొక్కలు జానెడు ఎదిగాక నేలను కప్పేయండి. గోగునార, జనపనార మిల్లులున్న ప్రాంతం కనుక పాత గోనెసంచులకు కొదవ ఉండదు. వాటిని తడిపి రెండు పొరలు పరిచి, పైన వరిగడ్డి నాలుగు వేళ్ల మందాన వేయండి. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు మడికి దాదాపు ముప్పావు ఘనపు మీటరు గడ్డి పడుతుంది. ముందు బాగా దులపండి, లేకపోతే మిగిలిపోయిన ధాన్యం మొలిచి మడి కాస్తా ఆకుమడి అవుతుంది. కాండానికి రెండు అంగుళాలు వదలండి; ఆనుకుంటే మొదలు కుళ్లుతుంది. ఎర్ర నేలల్లో ఎండు గడ్డికి చెదలు పడతాయి, అందుకని అడుగున చెమ్మ ఆరనివ్వకండి. ఎరువుల ప్లాస్టిక్ సంచులు మాత్రం పరవకండి. ఒక్క వేసవికే పీలికలై, తెల్ల దారాలు మట్టిలో కలిసిపోతాయి, ఏరలేరు.

లాన్‌కు ఇంత తతంగం లేదు. నేల కనబడేలా గొరిగేయకుండా మూడు, నాలుగు సెంటీమీటర్లు ఉంచి కోయండి. రోజూ చిలకరించడం మానేసి వారానికి రెండుసార్లు లోతుగా తడపండి. జల్లించని గెత్తం చల్లకండి.

వయ్యారిభామ (పార్థీనియం) ఎక్కడ కనబడినా పూతకు ముందే, చేతికి తొడుగేసుకుని, వేరుతో పీకాలి. ఒంటికి తగిలితే దద్దుర్లొస్తాయి. ఒక్క మొక్కే వేల గింజలు రాలుస్తుంది. వానాకాలంలో దాని ఆకులు తింటూ నల్ల చారల పెంకు పురుగు కనిపిస్తే చంపొద్దు. అది మెక్సికో నుంచి తెప్పించి, 1984లో బెంగళూరు దగ్గర ఈ పని మీదే వదిలిన పురుగు.

ఉప్పు, వెనిగరు కలిపి కొట్టమనే సలహా ఎవరిచ్చినా మడి దాకా రానివ్వకండి. వెనిగరు ఆకును మాడుస్తుంది, గడ్డకు ఏమీ కాదు. ఉప్పు మట్టిలో ఉండిపోయి తర్వాత వేసే కూరమొక్కల్ని తింటుంది. గచ్చు పగుళ్లలో మొలిచినవాటికి మరుగుతున్న నీళ్లు చాలు. గంజి పోయకండి, చీమలు పడతాయి.