స్పెయిన్ వెళ్లాక ఎదురయ్యే చిక్కులు: కారణం, పరిష్కారం

సమస్య: సాయంత్రం 6:30కి ఆకలేసి హోటల్‌కి వెళ్తే, తలుపులు తీసే ఉన్నాయి కానీ "కోసీనా సెర్రాదా" అంటున్నారు.

కారణం: వంటగది మూసేశామని దానర్థం. అక్కడ మధ్యాహ్న భోజనం 2 నుంచి 4 దాకా, రాత్రి భోజనం 9 దాటాకే. గడియారం పాత్ర కూడా కొంత ఉంది. మ్యాప్‌లో స్పెయిన్ ఉన్నది దాదాపు లండన్‌కి నేరుగా కిందే, అంటే అక్కడి టైమే ఇక్కడా ఉండాలి, కానీ 1940లో నియంత ఫ్రాంకో ప్రభుత్వం గడియారాన్ని గంట ముందుకు జరిపింది. దాన్ని మళ్లీ వెనక్కి తిప్పలేదు. జూలైలో మాడ్రిడ్‌లో పొద్దుగూకేసరికి రాత్రి 9:30 దాటుతుంది.

పరిష్కారం: మధ్యాహ్నమే కడుపునిండా తినండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా చాలాచోట్ల "మెను దెల్ దియా" అని బోర్డు పెడతారు. ఒకే ధరకు రెండు వంటకాలు, బ్రెడ్డు, తాగడానికి ఏదైనా, చివర్లో స్వీటో పండో ఇస్తారు. షుగర్ ఉన్న పెద్దవాళ్లు, పిల్లలు వెంట ఉంటే మాత్రం రూములో పండ్లు తప్పకుండా ఉంచుకోండి.

సమస్య: మాంసం వద్దని చెప్పినా సలాడ్‌లో చేప ముక్కలు వచ్చాయి.

కారణం: మనవాళ్లని ఎక్కువ బాధపెట్టేది ఇదే. "కార్నె" అంటే మాంసమే, కానీ చాలామంది లెక్కలో ట్యూనా చేప, ఒక్కోసారి హమోన్ అనే పంది మాంసం కూడా అందులోకి రావు. "లెంటెహాస్" చూడ్డానికి అచ్చం మన పప్పులా ఉంటుంది. గరిటె పెట్టి కలిపితే అడుగు నుంచి ఎర్రటి చోరీసో, అంటే పంది మాంసం సాసేజ్ ముక్కలు తేలతాయి.

పరిష్కారం: ఒక్కోటీ పేరుపెట్టి చెప్పండి: "సిన్ కార్నె, సిన్ పెస్కాదో, సిన్ హమోన్, సిన్ అతూన్." సిన్ అంటే లేకుండా, పెస్కాదో అంటే చేప, అతూన్ అంటే ట్యూనా. పద్రోన్ మిరపకాయలు అడగండి. నూనెలో వేయించి పైన కల్లుప్పు చల్లి ఇస్తారు, పదిలో ఒకటో రెండో కారంగా తగులుతాయి. టమాటా రాసిన బ్రెడ్డు కూడా బాగుంటుంది. గుడ్డు తినేవాళ్లకి బంగాళాదుంప తోర్తీయా అనే ఆమ్లెట్ ఉండనే ఉంది.

సమస్య: తినడం అయిపోయి అరగంటైనా బిల్లు రాలేదు.

కారణం: తిన్నాక కూర్చుని కబుర్లు చెప్పుకోవడాన్ని వాళ్లు "సోబ్రెమెసా" అంటారు. అడక్కుండా బిల్లు తేవడమంటే లేచి వెళ్లమన్నట్టే.

పరిష్కారం: "లా క్వెంతా, పోర్ ఫావోర్" అనండి. టిప్పు తప్పనిసరి కాదు.

సమస్య: పరిచయం కాగానే చెంపకు చెంప ఆనించి రెండు ముద్దులు.

పరిష్కారం: ఆడవాళ్ల మధ్య, ఆడా మగా మధ్య అది మామూలు పలకరింపే. ఇబ్బందిగా ఉంటే మీరే ముందు చెయ్యి చాపండి.

సమస్య: మార్కెట్లో చేపల కొట్టు ముందు క్యూ కనబడదు. మీరు వెళ్లి నిలబడితే అందరూ మిమ్మల్నే చూస్తారు.

కారణం: క్యూ ఉంది, కాకపోతే అది మనుషుల గుర్తులో ఉంది. నిలబడలేని ముసలమ్మ పక్కన కుర్చీలో కూర్చున్నా ఆమె వంతు ఎక్కడికీ పోదు. నాకు ఆ దేశంలో బాగా నచ్చిన పద్ధతి ఇది.

పరిష్కారం: వెళ్లగానే "కియెన్ ఎస్ ఎల్ ఉల్తిమో?" అని అడగండి. అంటే, ఆఖరి మనిషి ఎవరు అని. ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు, వాళ్ల తర్వాత మీరు. మీ తర్వాత వచ్చినవాళ్లు అదే ప్రశ్న అడిగినప్పుడు మీరు చెయ్యెత్తి "యో", అంటే నేనే, అనాలి.